కొండ ఊపిరి

నంద్యాలలో మా మేడ మీద ఆరేసిన చీర పగలంతా నల్లమల వైపు ఎగిరి, సాయంత్రం ఉన్నట్టుండి ఇటు తిరిగింది. గాలిలో ఎండుటాకుల వాసన. ఆ వాసన తగిలితే ఇప్పటికీ కొండ వైపే చూస్తాను.

చిన్నప్పుడు రుద్రవరం దగ్గర మా కళ్లంలో నాయన చాటతో కొర్రలు తూర్పారబట్టేవాడు. గింజలు ఆయన కాళ్ల దగ్గర రాలేవి. పొట్టు మాత్రం కొండ వైపు కొట్టుకుపోయేది.

"పగలు కొండ గాలి పీలుస్తాది పాపా, పొద్దుగూకితే వదుల్తాది," అన్నాడు నాయన.

ఆ కొండకే అమ్మ రోజూ కట్టెలకు పోయేది. అమ్మ బక్కపలచని మనిషి. పొట్టును పీల్చినట్టే అమ్మనూ పీల్చేస్తుందని నాకు భయం పట్టుకుంది.

మరునాడు అమ్మ సద్దిసంచి అడుగున మూడు రాళ్లు పెట్టాను, బరువుంటే గింజలా కిందే ఉంటుందని. పొద్దు వాలేదాకా కళ్లం వదల్లేదు. గాలి తిరిగి పొట్టు నా మొహాన కొట్టాక గాని కట్టెలమోపుతో అమ్మ కనపడలేదు.

"ఏందే ఈ రాళ్లు?" అంది. ఏడుస్తూ చెప్పాను. అమ్మ నవ్వలేదు.

ఎండకు కాగిన కొండ, మైదానంలోని గాలిని పైకి లాగుతుందనీ, చల్లబడ్డాక ఆ గాలి కిందికి జారుతుందనీ తర్వాత బడిలో చదివాను.

అడవిలో ఎలుగుబంటి తిరుగుతోందని ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. రాళ్ల సంగతి తెలిసిన మరునాడు పొద్దున్నే అమ్మ తనే సంచి తెరిచి నా ముందు పట్టింది.

"రాళ్లెయ్," అంది.

మూడూ వేశాక ఇంకొకటి అడిగింది. గాలికనుకున్నాను.