సూర్యుడి మంత్రి, చంద్రుడి రాజు

మదరాసులో ఎఫ్.ఏ. దాకా చదివి, ఉదయగిరి తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. ఆ చదువు వల్ల కచేరీకి ఏం ఒరిగిందో నాకు తెలియదు. మా బంధువులకు మాత్రం చాలా ఒరిగింది. ఎవరికి ఏది అర్థం కాకపోయినా మోసుకొచ్చి నా ముందు పెట్టేవాళ్లు. కోర్టు సమన్లు, ఎద్దు మెడకు వచ్చిన వాపు, తెల్లవారుజామున వచ్చిన కల, అన్నీ వాళ్లకు ఒక్కటే. నాకు తెలియదని చెబితే గర్వమనుకునేవాళ్లు. ఏదో ఒకటి చెబితే, అది జరగనప్పుడు మళ్లీ వచ్చేవాళ్లు.

ధాత కరువు నడ్డి విరిచి పోయాక బహుధాన్య సంవత్సరం వచ్చింది. పంచాంగం వాళ్లు ఆ పేరు ముందే పెట్టి ఉంచారు కాబట్టి అందులో ఎవరి గొప్పా లేదు. వానలు మాత్రం పడ్డాయి. ఆ ఏడే మా అన్న నా దగ్గరికి వచ్చాడు. సొంత అన్న కాదు, పెదనాయన కొడుకు. సీతారామపురం పక్కన మెట్ట చేలున్నాయి ఆయనకు.

కరువు ముదిరినప్పుడు ఆయన మా వదినను బండెక్కించి ఆత్మకూరులో ఆమె పుట్టింటికి పంపేశాడు. తను పోలేదు. మామగారింట్లో కూర్చుని తినడం కంటే తన ఇంట్లో కూర్చుని తినకపోవడం మర్యాద అని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఎముకలు బయటపడేదాకా పాటించాడు. ఇప్పుడు చేలు పచ్చబడ్డాయి, వదిన తిరిగి రాలేదు. వానలు పడిన సంగతి ఆత్మకూరులో తెలియదా, తనే రావచ్చు గదా అని ఈయన. పంపినవాడే వచ్చి పిలుచుకోవాలని వాళ్లు. మా వాళ్లలో ఆడపిల్లకు మారుమనువు ఉంది. మగడు పట్టించుకోకుండా వదిలేశాడని తేలితే కులపెద్దలు కూర్చుని ఆ పెళ్లిని తెంపేస్తారు. కార్తీకం దాటితే పెద్దల్ని కూర్చోబెడతామని ఆత్మకూరు నుంచి కబురు కూడా వచ్చింది.

ఇలాంటి కబురు విన్నవాడెవడైనా బండి కడతాడు. మా అన్న నా దగ్గరికి వచ్చి, "పద, సాయబు చేత గంజీఫా ఏపిద్దాం" అన్నాడు.

గంజీఫా అంటే గుండ్రటి పేకముక్కలు. బట్ట మీద రంగులు వేసి లక్క పూస్తారు. కోటలో నవాబులున్న రోజుల్లో వాటిని తయారుచేసిన ఇంటివాడే ఈ సాయబు. నవాబులు పోయారు, ఆడేవాళ్లు పోయారు, ఒక కట్ట మిగిలింది. దాన్ని పెట్టుకుని ఆ ముసలాయన జనానికి జోస్యం చెప్పేవాడు. చెప్పేవాడు అనడం కూడా ఎక్కువే. ముక్క తిప్పి దాని పేరు అంటాడు, ఊరుకుంటాడు. "ఏసేది నా పని. మీ ఇంటి సంగతి నాకేం తెలుసు?" అనేవాడు. తన తప్పు పట్టడానికి చోటే లేకుండా చూసుకున్న జోస్యుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

మేం సాయబు ఇంటి అరుగు దగ్గరికి పోయేసరికి పొద్దు వాలుతోంది. అన్న కళ్లు మూసుకుని "పోవాలా, వద్దా" అని పైకే అనుకున్నాడు. సాయబు రెండు ముక్కలు తిప్పాడు. ఒకటి గుర్రమెక్కిన సూర్యుడి మంత్రి. రెండోది గద్దె మీద కూర్చున్న చంద్రుడి రాజు.

"ఈ కట్టలో సూరీడు మొగోడు, చంద్రుడు ఆడమనిషి" అన్నాడు సాయబు. "ఆటలో పగలైతే సూరీడిది పైచేయి. రాత్రైతే చంద్రుడిది."

"ఇప్పుడు ఎవురిది?"

"పగలో రాత్రో మీరే చూసుకోండి" అని సాయబు ఆకూవక్కా నోట్లో వేసుకున్నాడు. అంటే ఇక మాట్లాడడన్నమాట.

ఉదయగిరిలో ఇది చిన్న ప్రశ్న కాదు. పేరుకు సూర్యుడు ఉదయించే కొండే గానీ, అది ఊరికి పడమర దిక్కున నిలబడింది. సూర్యుడు ఆ కొండ మీది దుర్గం వెనక్కి జారగానే ఊళ్లో మసక కమ్ముతుంది, దీపాలు పెడతారు. తూర్పున చేల మీద ఎండ మాత్రం ఇంకా అలాగే ఉంటుంది.

"దీపం ముట్టించినాం గదా, రాత్రే" అంది ఎదురింటి అవ్వ.

"రాత్రేందవ్వా? నా ఎద్దులింకా ఎండలోనే ఉండాయి" అన్నాడు చేల నుంచి వస్తున్న ఒకాయన. ఎద్దులు అక్కడా, ఆయన ఇక్కడా ఎందుకున్నారో ఎవరూ అడగలేదు. నలుగురూ ఆగారు. రెండు పక్షాలయ్యాయి.

అన్న నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నీ కాడ గడియారం ఉండాది గదా, తియ్యి."

తీశాను. మదరాసులో ఎంతో మోజుపడి కొన్న జేబు గడియారం అది. ఎన్ని గంటలైందో చెబుతుంది గానీ, రాత్రైందో లేదో చెప్పే ముల్లు చేసినవాళ్లు దానికి పెట్టలేదు.

"అన్నా, నీకు వదిన కావాలా, వద్దా?"

"అది కాదురా ఇప్పుడు మాట. పగలా, రాత్రా?"

"రాత్రి" అన్నాను.

"ఎట్లా చెప్తావు?"

"ఇంగ్లీషు శాస్త్రం ప్రకారం."

దానికి ఎదురు చెప్పేవాళ్లు ఆ వీధిలో లేరు. అన్న ముక్కల వైపు చాలాసేపు చూశాడు. "అంటే ఆమె గద్దె మీద కూర్చోనుంటాది. నేను గుర్రమెక్కి పోవాల."

"ఆఁ."

"నాకు గుర్రం లేదే!"

"బండి చాలన్నా" అన్నాను, పళ్లు నూరుకుంటూ.

ఒక్కడే పోతే చులకనగా చూస్తారని నన్నూ లాక్కుపోయాడు. కచేరీలో సెలవు కోసం తలనొప్పి అని రాసిచ్చాను. అబద్ధమేమీ కాదు. దారి పొడుగునా ఆయన, గుర్రానికి బదులు ఎద్దులైతే ఫలం మారుతుందేమో అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. ఎద్దులు నా కంటే ఓపికగా విన్నాయి.

ఆత్మకూరులో మామగారు "రాండి అల్లుడూ" అని కాళ్లకు నీళ్లిప్పించాడు. వానల గురించి మాట్లాడాడు, చెరువు గురించి మాట్లాడాడు, మళ్లీ వానల గురించి మాట్లాడాడు. వచ్చిన పని ఎవరూ ఎత్తలేదు. వదిన వంటింటి తలుపు వెనక ఉంది. పెద్దల ఎదుట మొగుడూ పెళ్లాం ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు కాబట్టి, ఆ పని కూడా చదువుకున్నవాడి మీదే పడింది.

"మరిదీ, మీ అన్న ఏం పని మీద వచ్చినాడో అడుగు" అంది తలుపు.

"పిల్చుకపోదామని వచ్చినానని చెప్పరా" అన్నాడు అన్న. ఎంత చక్కటి మాట! అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. "గంజీఫాలో చంద్రుడు పైకొచ్చినాడు, అందుకే వచ్చినానని చెప్పు."

నేను చెప్పలేదు. చెప్పనక్కర కూడా లేదు, మధ్యలో ఉన్నది ఒక పలచటి తలుపు.

"ఓహో, పేకపత్తాలు పంపిస్తే వచ్చినాడా? సూరీడు పైకొచ్చుంటే ఇంట్లోనే ఉండేవాడేమో, అడుగు."

మామగారు వానలు ఆపేశాడు. ఇక్కడ ఒక్క తెలివితక్కువ మాట పడితే, పెద్దల్ని కార్తీకం దాకా కూడా ఆపనక్కరలేదు. ఆ మాటకు మా అన్నలో లోటు లేదని నాకు తెలుసు. నేను నోరు తెరవబోయాను.

"సూరీడొస్తే మళ్లీ ఏపించేవాణ్ణని చెప్పు" అన్నాడాయన నేల చూస్తూ. "చంద్రుడు వచ్చేదాకా."

తలుపు ఓరగా తెరుచుకుంది.

"వదినా, ఆయన అనేదేమంటే..."

"నాకు తెలుగు వస్తాది మరిదీ. నువ్వు ఊరుకో."

ఆమె గడప దాకా వచ్చి, పంచలో స్తంభాన్ని చూస్తూ మాట్లాడింది. "ఇప్పుడు రావాలంటే పత్తాల్ని అడిగినాడు. ఆ పొద్దు నన్ను బండెక్కించేటప్పుడు ఎవుర్ని అడిగినాడు? నన్ను అడిగినాడా? ఆడ ఈయన తిన్నాడో లేదో తెలీకుండా నేనీడ ముద్ద మింగినాను. ఇంకోసారి గింజలు లేకపోతే ఇద్దరికీ లేకుండా పోనీ. నన్నొక్కదాన్నే పంపేది లేదు. ఒప్పుకుంటే వస్తా."

అంత తేటగా మాట్లాడినవాళ్లను నేను మదరాసు కాలేజీలో కూడా వినలేదు. మా అన్న నా వైపు వంగి, మెల్లగా అడిగాడు.

"ఏమంటాదిరా?"

ఆ క్షణాన కాళ్ల నీళ్ల చెంబు నా చేతికి అందలేదు కాబట్టి బతికిపోయాడు.

"వస్తానంటాది. సరే అను."

"అంతేనా? ఇంకో అర్థం లేదా?"

"లేదు."

ఆయన లేచి నిలబడ్డాడు. కండువా ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. తర్వాత నాకు చెప్పమనకుండా, మామగారు చూస్తుండగానే, నేరుగా వదినతో అన్నాడు: "పంపను."

వదిన లోపలికి పోయింది. పెట్టె మూత లేచిన చప్పుడు వినిపించింది. మామగారు గొంతు సవరించుకుని, వానల సంగతి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.