గంధకం వరహాలు, వట్టివేరు అత్తరు

విశాఖపట్నం పోర్టుకి గంధకం ఓడ వచ్చిందంటే ఆ సాయంత్రం టౌన్ బస్సుల్లో సీట్లకి కరువుండేది కాదు. గంధకం దించే కూలీల ముఠా ఎక్కడం ఆలస్యం, జనం ముక్కులు మూసుకుని తర్వాతి స్టాపులో దిగిపోయేవారు. ముఠాలో మిగతావాళ్లు నవ్వుకుంటూ ఆ సీట్లలో కూలబడితే, వరహాలు మాత్రం వెనక కిటికీ దగ్గర తలొంచుకుని నిలబడేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాడు పాపం.

ఇప్పటి వాళ్లకి చెబితే నమ్మరు గానీ, డెబ్భైల్లో ఆ పచ్చటి పొడిని మనుషులే పారలతో ఎత్తేవారు. కళ్లు మండేవి, గొంతు గరగరలాడేది. చెమటకి తడిసి ఒంటికి పట్టిందంటే కుళ్లిన గుడ్డు కంపే. ఇటుకరాయితో తోముకున్నా తెల్లారేదాకా వదిలేది కాదు. తెల్లారితే మళ్లీ డ్యూటీ.

వరహాలు నోట్లో నాలుక లేని మనిషి. ఊళ్లో మెట్ట సేద్యం కూడు పెట్టక పోర్టులో కళాసీగా చేరి, అల్లిపురంలో ఒక గది తీసుకున్నాడు. డెబ్భై నాలుగు వైశాఖంలో తగరపువలస అవతలి పల్లెనుంచి అసిరమ్మని చేసుకొచ్చాడు. చామనఛాయ, చురుకైన చూపు, మాట విసిరితే తిరిగి తీసుకోని పిల్ల. ఆమెని చూసినప్పుడల్లా వరహాలుకి ఒకటే దిగులు, ఈ కంపు మనిషి దగ్గర ఇంత మంచి పిల్ల ఎన్నాళ్లుంటుందీ అని.

ఆ దిగులుకి తగ్గట్టే అయింది. నెల తిరక్కుండా అసిరమ్మ కాళ్ల పట్టీలు, మెట్టెలు మసిబారినట్టు నల్లబడ్డాయి. ఆషాఢం వచ్చింది, ఆనవాయితీ ప్రకారం కొత్త కోడల్ని పుట్టింటికి తీసుకెళ్లారు. ఆ నల్లటి వెండి చూసి తల్లి కాశమ్మ గుండె బాదుకుంది. గంధకం సోకితే వెండి నల్లబడుతుందని ఆ పల్లెలో ఎవరికి తెలుసు? పిల్లకేదో కీడు మూడిందనే అనుకున్నారు. శ్రావణం వచ్చింది, వెళ్లింది. పిల్లని పంపలేదు.

వరహాలు మేనత్త పోతమ్మ సంతలో కాశమ్మని పట్టుకుని నిలదీసింది. తిరిగొచ్చి ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మీవోడి కాడ మనిషి నిలవనేని కంపంట. ఎండి పట్టీలే తట్టుకోనేక నల్లబడిపోనాయి, మా గుంటనెలాగ పంపమంతావు అన్నాదిరా."

ఆ మాట అసిరమ్మే చెప్పి ఉంటుందని వరహాలు తీర్మానించేసుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. అడిగే రకమైతే ఈ కథే లేదు. కంపు పోతే పెళ్లాం వస్తుంది, లేకపోతే రాదు, అంతే అనుకున్నాడు.

ఇక మొదలయ్యాయి తిప్పలు. పూర్ణా మార్కెట్‌ దగ్గర అత్తరు సాయిబు కొట్టుకి వెళ్లి, గట్టిగా కొట్టేదేదో ఇవ్వమన్నాడు. మల్లె అత్తరు సీసా తీసుకొచ్చి ఒళ్లంతా పట్టించాడు. మర్నాడు ముఠాలో పనిచేసే సత్యం వాసన పట్టేశాడు. సత్యం జ్ఞానాపురం మనిషి, ఆదివారం చర్చికి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లే షోకిలా.

"ఏటి బావా, ఈయేళ నీకేటి పెళ్లిసూపులా? జడ కూడా ఏసుకోనేక పోనావా?"

ముఠా మొత్తం పడీపడీ నవ్వింది. వరహాలు మొహం కందగడ్డయింది. సత్యానికి జాలేసిందో ఏమో, సాయంత్రం పక్కకి పిలిచి ఒక సీసా చేతిలో పెట్టాడు. ఆకుపచ్చటి నీళ్లు. ఏదో దేశపు ఓడలోని మనిషి దగ్గర సంపాదించాడట.

"దొరలు గెడ్డం గీసుకున్నాక రాసుకుంతారు బావా. మగోడి సెంటంటే ఇదీ. ఇది రాసుకుని అత్తోరింటికెల్లు, పంపకపోతే నన్నడుగు."

ఎంత రాసుకోవాలో మాత్రం చెప్పలేదు మహానుభావుడు. గుడ్డివాడికి గుర్రప్పందెం అప్పజెప్పినట్టయింది. ఆదివారం ఉతికిన పంచె కట్టి, తలకి నూనె రాసుకుని, సగం సీసా మొహానికీ మెడకీ పట్టించుకుని వరహాలు తగరపువలస బస్సెక్కాడు. దారిలో ఎవరూ సీటు వదిలి లేవలేదు. అదే చాలనిపించింది. బస్సు దిగి, మిగతా సగమూ ఒంపుకుని, ఎండలో నడిచి అత్తవారి గుమ్మం ముందు నిలబడ్డాడు.

మామ నులకమంచం మీంచి లేచి రెండడుగులు ముందుకేశాడు. ఆగిపోయాడు. ముక్కుపుటాలు అదిరాయి. ఆ సెంటులోని స్పిరిట్ ఘాటు ఆయనకి సారా వాసనలా తగిలింది. సొంత తమ్ముడు సారా తాగి తాగి కళ్లముందే చచ్చిపోతుంటే చూసిన మనిషాయన. ఆ ఇంట్లో తాగుడు మాటెత్తితేనే పళ్లెం విసిరేవాడు.

"పట్టపగలు తాగొచ్చీసినావా నా గుమ్మంలోకి?"

"నాను తాగనేదు మావా. సెంటు."

"సెంటు తాగినావా?"

ఇరుగూ పొరుగూ పోగయ్యారు. కాశమ్మ తలుపుకడ్డంగా నిలబడి, కంపుకి తోడు తాగుడు కూడానా, మా పిల్ల బతుకిలా కాలిపోనాదేటి అని శోకం మొదలెట్టింది. కంపు దాచుకుని వస్తే ఇంకో కంపు అంటగట్టారు. ఇక ఈ జన్మకి పంపరని తేలిపోయి వరహాలు వెనక్కి తిరిగాడు.

అప్పుడు అసిరమ్మ తల్లి చెయ్యి తోసుకుని బయటికొచ్చింది. కొత్త పెళ్లికూతురన్న సిగ్గూ లేదు, ఇంతమంది చూస్తున్నారన్న బెదురూ లేదు. తిన్నగా వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఏదీ, నోరు తెరు."

తెరిచాడు. ఆమె మునివేళ్ల మీద లేచి వాసన చూసింది. తర్వాత బుగ్గ చూసింది. తర్వాత మెడ.

"నోరు కొట్టడం నేదు నాయినా, బుగ్గలు కొడతన్నాయి. బుగ్గల్తోటి ఎవుడైనా తాగుతాడేటి?"

ముందు నవ్వింది మామే. ఆ నవ్వుతో గుమ్మం దగ్గరి జనమంతా చల్లబడ్డారు. మర్నాడు పొద్దున్నే అసిరమ్మ పెట్టె సర్దుకుంది. తల్లి ఏదో అనబోతే, నాను ఎల్తన్నానమ్మా అంది, అంతే.

విశాఖపట్నంలో బస్సు దిగాక ఇంటికి కాదు, ముందు ఆ అత్తరు కొట్టుకి తీసుకెళ్లమంది. సాయిబు ఆమెని చూసి గులాబీ, సంపెంగ, మల్లె వరసగా ముందుపెట్టాడు.

"నాకు కాదు బాబూ, ఈయనకి."

ఆడమనిషి వచ్చి మొగుడికి అత్తరు బేరమాడటం సాయిబు ఆ కొట్లో ఎన్నడూ చూడలేదు. గడ్డం నిమురుకుని నవ్వాడు. సీసాలో వాసన వేరు, ఒంటి మీద వాసన వేరమ్మా అంటూ వరహాలు ముంజేతి మీద ఒక్కో చుక్కా అద్దాడు. గంధం చూసి, పూజగదిలా ఉంది అంది అసిరమ్మ. కస్తూరికి తల తిరిగిందంది. మొగలి వాసన చూసి, పాములొస్తాయి వద్దంది. వట్టివేరు దగ్గర మాత్రం ముక్కు తియ్యలేదు. కళ్లు మూసుకుని అలాగే నిలబడింది.

"ఇదీ మగోడి వాసన. పూలు నేవు, తీపి నేదు. ఎండలోంచి ఇంటికొచ్చి మంచినీళ్లు తాగినట్టున్నాది."

ఆ రోజునుంచి వరహాలుకి అది నియమమైపోయింది. డ్యూటీ దిగి, వీధి కుళాయి దగ్గర శీకాయపొడితో ఒళ్లు రుద్దుకుని, చెవుల వెనకా మెడ మీదా వట్టివేరు అద్దుకుంటే గానీ గడప తొక్కేవాడు కాదు. జ్వరమొచ్చినా మానలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఊరు పెరిగింది. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ గోడలు లేచాయి, సత్యం అక్కడ పనికి కుదిరి బుస్సుమని కొట్టే డబ్బా సెంట్లకి మారాడు. వరహాలు మారలేదు. అల్లిపురం సందులో చల్లటి వేరు వాసన తగిలితే, ఆరైంది, వరహాలొచ్చాడు అనుకునేవారు ఆడవాళ్లు. ఎంత హాయైన సాయంత్రాలవి! కానీ అద్దుకున్న ప్రతిసారీ ఆయన లోపల అదే భయం. ఒక్కరోజు మరిచిపోతే ఆమె మళ్లీ పుట్టింటికి వెళ్లిపోతుందేమోనని.

ఎనభై ఏడులో పై అధికారులు వరహాలుని తాళ్లూ గొలుసులూ ఉండే స్టోరుకి మార్చారు. మొదటిరోజు ఇంటికొచ్చి చొక్కా విప్పి వాసన చూసుకున్నాడు. ఏమీ లేదు. ఒట్టి చెమట. బతుకులో అంత తేలిగ్గా ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు. స్నానం చేసి, అత్తరు సీసా గూట్లోనే వదిలేసి, దర్జాగా లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు.

కానీ ఎప్పుడూ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చునే అసిరమ్మ, ఆ రోజునుంచి వడ్డించి పెరట్లోకి వెళ్లిపోవడం మొదలెట్టింది. పిలిస్తే ఊఁ అనేది. వారం గడిచేసరికి వరహాలుకి పాత దిగులు మళ్లీ పట్టుకుంది. ఒకనాటి సాయంత్రం కంచం ముందు చెయ్యి ఆపి అడిగేశాడు. ఆ మనిషి నోరు తెరిచి అడగడం అదే మొదలు.

"ఏటయినాదే నీకు?"

"నాకేటయినాది? నీకే నానంటే మొకం మొత్తినట్టున్నాది. అత్తరు మానీసినావు."

"ఇప్పుడు కంపు నేదు కదే. మరింక ఎందుకు?"

అసిరమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

"కంపు కోసం రాసుకున్నావా ఇన్నేళ్లూ? నాను నాకోసం అనుకున్నాను."

వరహాలు ఇన్నేళ్లూ దాచుకున్నది బయటపెట్టేశాడు.

"ఆ కంపుకే కదే అప్పుడు నన్నొగ్గేసి ఎల్లిపోనావు. మళ్లీ ఎల్లిపోతావని బయం."

"నానెల్లిపోనానా? ఆషాడానికని తీసుకెల్లినారు, మరి పంపనేదు. కంపని అన్నది మాయమ్మ. నానెప్పుడన్నాను? నువ్వెప్పుడొస్తావోనని రోజూ బస్సేళకి గుమ్మంలో కూకునేదాన్ని."

ఆయన తల ఎత్తలేదు. కళ్లనీళ్లు కంచంలో పడ్డాయి. కుళాయి దగ్గర చర్మం ఎర్రబడేలా రుద్దుకున్న ఆ సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కమాట అడిగి ఉంటే అన్ని సాయంత్రాలూ సుఖంగా ఇంటికొచ్చేవాడు.

అసిరమ్మ లేచి గూట్లో సీసా తీసుకొచ్చి ఆయన పక్కన పెట్టింది.

"రేపట్నించి రాసుకుంతాన్లే" అన్నాడు వరహాలు.

"రేపేటి, ఇప్పుడే రాసుకో. నాను ఇక్కడే కూకుంతాను."