చీకటి గదుల్లో దాణా వేళ

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, తిరుమలగిరి దగ్గరున్న ఒక ప్రైవేటు మందుల పరిశోధనశాలలో నన్ను జంతుశాలకు సీనియర్ అటెండెంటుగా వేశారు. బళ్లో చదివింది పదో తరగతే. మిగతాదంతా మారేడ్‌పల్లిలో లైబ్రరీ బల్ల మీద చదువుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుంటే ఇంగ్లీషు సైన్సు పుస్తకమూ లొంగేది.

అప్పుడు డాక్టర్ సుజాత గారు ఒక పెప్టైడ్ మీద పనిచేస్తున్నారు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. పెప్టైడ్ అలాంటిదే, పొట్టిది. ఆమెది నాలుగే ఆమ్లాలు, యంత్రంలో ఒక్కొక్కటిగా అతికించి చేసింది. ముసలి ఎలుకల్లో అది మెదడు కణాలను కాపాడుతుందా, నిద్రా మెలకువల లయను నిలబెడుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు.

పది రోజులు ఒక గది ఎలుకలకు ముక్కులో మందు చుక్కలు, రెండో గదివాటికి ఉప్పునీటి చుక్కలు. ఏ గదికి ఏదో మాకు చెప్పరు. తర్వాత దీపాలు ఆర్పేస్తారు. వెలుగు లేకపోతే ఎలుక ఒంట్లోని గడియారం రోజూ కొంత వెనకబడుతుంది. అది పరుగెత్తే చక్రానికి తగిలించిన మీటరు ఆ సంగతి పట్టిస్తుంది. ఎలుక కంటికి ఆనని మసక ఎర్రదీపంతో లోపలికి వెళ్లి, రోజుకొకసారి కొలిచిన దాణా పెట్టడం మా పని.

మొదటి గది నాది. సరిగ్గా ఎనిమిదింటికి తలుపు తీసేవాణ్ణి. రెండోది సీతాఫల్‌మండి నుంచి వచ్చే యాదగిరిది. ఒకరోజు తొమ్మిదికి వస్తే మర్నాడు పదకొండు. నేను దెప్పేవాణ్ణి.

"ఎందుకు పరేషాన్ అయితవ్ అన్నా, ఎలుకలు నాకు హాజరు ఏస్తయా?" అనేవాడు.

ఆరు వారాలకు ఫలితం వచ్చింది. నా గది ఎలుకలు వేళ తప్పలేదు. అతని గదివి రోజూ వెనక్కి జారిపోయాయి. మందు పడింది నా గదిలోనే అని చెప్పారు. సుజాత గారి కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించాలా వద్దా అన్నది ఆ నివేదిక మీదే ఉంది. సోమవారం డైరెక్టరుకు ఇవ్వాలి.

ఆ శనివారం లైబ్రరీలో జీవగడియారాల పుస్తకం ఒకటి చూశాను. చీకటి పరీక్షల్లో దాణా రోజూ ఒకే వేళకు పెట్టరాదని, పెడితే జంతువు ఒంటి గడియారం ఆ వేళనే పట్టుకుంటుందని అందులో ఉంది. మా పని కాగితంలో రోజుకొకసారి అనే రాశారు. ఎనిమిది నేను పెట్టుకున్నదే. ఆ పేరా మూడుసార్లు చదివాను.

సోమవారం ఉదయమే వెళ్లి సుజాత గారికి చెప్పాను.

"ఈ మాట నెల కిందట చెప్పుంటే బాగుండేదండీ," అన్నారు.

"నెల కిందట నాకూ తెలీదు మేడమ్."

మీటరు లెక్కలు తీశారు. నా గదిలో ప్రతి ఎలుకా రోజూ ఎనిమిదికి కాస్త ముందు చక్రం ఎక్కింది. "పోనీ, ఇది ఇచ్చేసి తర్వాత చూసుకుంటే?" అని, తనే తల అడ్డంగా ఊపారు. "వద్దులెండి. ఇంకొకరు చేసి చూస్తే నా పరువే పోతుంది."

విషయం తెలిసి యాదగిరి నవ్వాడు. "చూసినవా అన్నా, నీ టైముకొచ్చుడే కొంప ముంచింది. ఇప్పుడన్నా నన్ను జెర మెచ్చుకో."

నివేదికకు ఆమె గడువు అడిగారు. మందు లేకుండా, మేమిద్దరం గదులు మార్చుకుని మళ్లీ చేశాం. ఈసారి నేను దాణా పెట్టిన అతని పాత గది ఎలుకలు వేళ పట్టుకున్నాయి, నా పాత గదివి జారాయి. లయ గురించిన భాగం నివేదికలోంచి తీసేశారు. మెదడు కణాల భాగం మాత్రం నిలిచింది. సుజాత గారికి రెండేళ్లకు బదులు ఆరు నెలల పొడిగింపు ఇచ్చారు.

పనిచేసేవాడి అలవాటు కూడా పరీక్షలో ఒక భాగమే. నిర్లక్ష్యం అయితే ఎవరైనా పట్టుకుంటారు. శ్రద్ధగా చేసిన పనిలో తప్పుంటుందని ఎవరూ వెతకరు కనుక, అక్కడ చేసినవాడే వెతుక్కోవాలి.