రొట్టె ముందు పెట్టిన సంతకం

బురుల్‌కు తెలియని చట్టం ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. బిష్కెక్ శివారులో పన్నెండు కుట్టుమిషన్ల షెడ్డు ఆమెది. ప్రతి శుక్రవారం ఒక మూల కూర్చుని, పనివాళ్ల విషయంలో ప్రభుత్వం కొత్తగా ఏం మార్చిందో ఫోన్లో వెతికి చదువుతుంది. అవసరమైనది అచ్చు తీయించి ఆకుపచ్చ ఫైల్లో పెడుతుంది. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే చుట్టుపక్కల షెడ్ల యజమానులు ముందు ఆమె దగ్గరికే పరుగెత్తుకొస్తారు. కిటికీ పెట్టమని చట్టం వస్తే వారం తిరిగేసరికి ఆమె షెడ్డుకు కిటికీ ఉంటుంది. చట్టాన్ని గౌరవించే మనిషని పేరు. వాన మొదలవకముందే ఆరేసిన బట్టలు తీసుకునే మనిషి వానను గౌరవిస్తున్నట్టయితే, ఆ పేరూ నిజమే.

మొదట్లో ఈ కాగితాల గొడవే లేదు. కొత్త మనిషి పనిలో చేరితే రొట్టె తుంచి తలా ఒక ముక్క తినేవారు. షెడ్డులో పెద్దామె రెండు అరచేతులూ ముఖానికి ఎదురుగా పట్టి దీవెన చెప్పేది. అందరూ "ఒమీన్", అలాగే జరగాలి, అని ముఖం తడుముకునేవారు. అంతే, ఉద్యోగం ఖాయం. ఆ పెద్దామె జూరాకాన్. మొదటి మిషన్ కొన్న రోజు నుంచీ ఉంది. అప్పటికి బురుల్‌కు కాలరు తిప్పడం కూడా చేతకాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది జూరాకానే.

రెండేళ్ల కిందట కొత్త నిబంధన వచ్చింది. పనివాళ్లందరితోనూ రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి, చేరిన తేదీ అందులో ఉండాలి. నిజం తేదీలు వేస్తే వెనకటి ఏళ్లన్నిటికీ పింఛను నిధికి యజమాని చందా కట్టుకోవాలి. బురుల్ రెండు రోజులు ఆలోచించి పన్నెండు కాగితాల మీదా ఒకే తేదీ వేసింది. వచ్చే సోమవారం. పదిహేడేళ్లుగా అక్కడే కుడుతున్న జూరాకాన్ ఆ సోమవారమే కొత్తగా చేరినట్టయింది.

సంతకాలు ఎలా రాబట్టాలో బురుల్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఉదయం కటింగ్ బల్ల మీద గుడ్డ పరిచి రొట్టె, నూనెలో వేయించిన బూర్సోక్‌లు, వెన్న, టీ పెట్టింది. రొట్టె పక్కనే కాగితాలు.

"అక్కా, పెద్దదానివి. వీటిమీద నాలుగు మంచి మాటలు చెప్పు."

"ఏం కాగితాలే ఇవి?"

"మీ మంచికేలే. ఇకమీద మీరంతా చట్టప్రకారం పనివాళ్లు."

జూరాకాన్ అరచేతులు పట్టింది. "ఈ కాగితాలు మా అందరికీ నీడవ్వాలి. పెట్టినామె చెయ్యి చల్లగుండాలి."

ఒమీన్ అన్నారు. దీవెన అయ్యాక, రొట్టె ముందు కూర్చుని, కాగితం చదివి చూస్తానంటే పెట్టినామెను దొంగ అన్నట్టే. ఎవరూ చదవలేదు. మొదటి సంతకం జూరాకాన్‌ది.

ఈ వసంతంలో ఆమెకు యాభై ఎనిమిది నిండాయి. పింఛను ఆఫీసుకు వెళ్లి తిరిగొచ్చి, కోటు విప్పకుండానే బురుల్ ముందు నిలబడింది.

"నేను పనిచేసింది రెండేళ్లు కూడా నిండలేదట చెల్లీ. ఇంతకాలం ఇంట్లో కూర్చున్నావా పెద్దమ్మా అని కౌంటర్లో పిల్ల నవ్వింది."

"రికార్డులో ఉన్నదే కదక్కా వాళ్లు చెప్తారు."

"ఆ రికార్డు రాసింది నువ్వే కదా."

"అప్పటి చట్టం అలా ఉంది. నా చేతుల్లో ఏముంది చెప్పు."

"కాళ్లు వాచిపోతున్నాయే, ఇంకెన్నాళ్లు తొక్కగలను. ఆ పదిహేడేళ్లు లేకపోతే నాకొచ్చే పింఛను చలికాలం బొగ్గుకి కూడా చాలదు. చట్టాలన్నీ నీకు తెలుసు. ఏదన్నా దారుందేమో చూడు."

దారి ఉంది. పాత ఏళ్లు ఒప్పుకుని ఈ నెలాఖరులోగా నమోదు చేయించే యజమానికి జరిమానా లేదు, చందా కడితే చాలు. ఆ కాగితం అచ్చు తీయించి పదిరోజులైంది. ఆకుపచ్చ ఫైల్లో అన్నిటికంటే పైన ఉంది. బురుల్ ఫైలు తెరిచి ఒక్కో కాగితమే తిప్పింది. మొదట తిప్పింది దాన్నే. జూరాకాన్ ఆ వేళ్లనే చూస్తూ నిలబడింది.

"లేదక్కా. అంతా వెతికాను."

"నువ్వు లేదన్నావంటే లేనట్టే," అని ఆమె కోటు విప్పి మిషన్ దగ్గర కూర్చుంది.

ఆ మాట విన్నాక కూడా బురుల్‌కు పక్కనున్న టీ గొంతు దిగింది. రాయి అయినా ఆ పూట కాస్త కరిగేది.

నెల మారిన మూడో రోజు పక్క షెడ్డు మేరిమ్ జిప్పులు అప్పు అడగడానికి వచ్చింది. ఆమె మెల్లగా మాట్లాడినా వీధంతా వినపడుతుంది.

"ఏమే బురుల్, మీ పాతవాళ్లవి నమోదు చేయించావా? నేను ముగ్గురివి చేయించా, సరిగ్గా గడువు ఆఖరి రోజున. నడుం విరిగిందనుకో. నీ జూరాకాన్‌వి చాలానే ఉంటాయిగా?"

ఒకదాని తర్వాత ఒకటిగా మిషన్లన్నీ ఆగిపోయాయి. మేరిమ్‌కు ఏం జరిగిందో అర్థం కాక జిప్పులు పట్టుకుని జారుకుంది.

ఆ రోజే కొత్త గుడ్డ తాను కోయాలి. కొత్త తాను మీద కత్తెర పడేముందు పెద్దామె దీవెన ఉండాలి. బల్ల మీద రొట్టె పెట్టే ఉంది. జూరాకాన్ లేచి వచ్చి చేతులెత్తింది. కాని అరచేతులు బయటికి తిప్పింది. శపించేవాళ్లే అలా పడతారు.

"నా పదిహేడేళ్లు నీకు అచ్చిరాకూడదు," అంది, గొంతు పెంచకుండా. "నీ కష్టానికి సాక్ష్యం చెప్పే మనిషి నీకు దొరక్కూడదు."

ఎవరూ ఒమీన్ అనలేదు. ఎవరూ అడ్డు చెప్పనూ లేదు. అలా తిరిగిన అరచేతులకు భయపడుతూ పెరిగిన మనిషే బురుల్ కూడా. ఆ రోజు తాను మీద కత్తెర పెట్టలేదు. మర్నాడు పొద్దున ఫైలు తెరిచింది. యజమానిని నలుగురిలో అవమానిస్తే పనిలోంచి తీసేయవచ్చన్న మాట, జూరాకాన్ దీవించిన ఆ ఒప్పందంలోనే ఉంది.

"చదువుకుని సంతకం పెట్టు," అని పనిలోంచి తీసేసిన కాగితం జూరాకాన్ ముందుకు జరిపింది.

"అప్పుడు చదవలేదుగా. ఇప్పుడు నువ్వే చదువు. అందరూ వింటారు."

బురుల్ పైకి చదివింది. పనిచేసిన కాలం రెండేళ్ల పదకొండు రోజులు. ఒప్పందంలోని తేదీ నుంచి లెక్క ఒక్క రోజు కూడా తప్పలేదు. జూరాకాన్ సంతకం పెట్టి, తన కత్తెర సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

గుడ్డ తాను ఇంకా బల్ల మీదే ఉంది. ఇక షెడ్డులో పెద్దామె ఎవరని చూస్తే, బురులే. రొట్టె తెప్పించి, అరచేతులు ముఖానికి ఎదురుగా పట్టి, చెప్పాల్సిన మాటలన్నీ చెప్పింది. పదకొండు మందిలో ఒక్కరూ చేతులెత్తలేదు. ఎత్తి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. బురుల్ కత్తెర తీసుకుని కోయడం మొదలుపెట్టింది.