బొంగరానికి రెండు రోజుల సెలవు

మా మనవరాల్ని నేను బొంగరం అంటాను. నడక వచ్చిన నాటి నుంచీ అది కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు పైకి లేపి పెట్టుకుంటుంది, ఎవరైనా పిలిస్తే లేచి పరిగెత్తడానికి. అరికాల్లో చక్రం ఉందేమోనని చిన్నప్పుడు తిరగేసి చూశాను కూడా. మట్టి తప్ప ఏమీ కనపళ్ళేదు.

దాని ఉద్యోగం ఏమిటంటే మా ఇంట్లో ఒక్కరికీ సరిగ్గా చెప్పడం రాదు. మా అల్లుడిని, అంటే వాళ్ళ నాన్నని, ఎవరైనా అడిగితే "యూనివర్సిటీలో" అని అక్కడితో ఆపేస్తాడు. వినేవాళ్ళు పాఠాలు చెబుతుందేమో అనుకుంటారు. ఈయన అనుకోనిస్తాడు. నేను అలా కాదు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. "ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటుంది" అంటాను. "అంటే వంట చేస్తుందా?" అంటారు. "వంటకి వేరే ఉన్నారు." "ఊడవడమా?" "దానికీ ఉన్నారు." "మరింకేం చేస్తుంది?" అంటారు. ఆ మిగిలినదంతా అదే చేస్తుంది. వాళ్ళకేం తెలుసు.

మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. పగలు డ్యూటీ, రాత్రి డ్యూటీ అని ఇల్లు పట్టకుండా తిరిగేది. అందుకని బొంగరాన్ని చిన్నతనంలోనే హాస్టల్లో వేశారు. మిగతా పిల్లలు అమ్మ కావాలని ఏడుస్తుంటే, ఇది వాళ్ళ ముక్కులు తుడిచేది. అప్పుడే అనుకున్నాను, దీని తలరాత మనుషుల మధ్యే ఉందని. డిగ్రీ హాస్టల్లోనే చదివింది. ఆ పైచదువూ హాస్టల్లోనే. అక్కడ అంతస్తుకో సీనియర్ పిల్లని పెడతారట. కొత్తగా వచ్చినదానికి ఇంటి మీద బెంగ పుట్టినా, గదిలో ఇద్దరికీ పడకపోయినా, ఒళ్ళు వెచ్చబడినా ముందు ఆ సీనియర్ దగ్గరికే పోవాలి. ఇది ఆ పని చేసింది. తర్వాత చదువుకుంటూనే అసిస్టెంటు వార్డెన్ అయింది. ఉండటానికి గది, తిండి వాళ్ళవే, దీని కింద అంతస్తుల సీనియర్లు. దీని పైన వార్డెన్. అన్ని హాస్టళ్ళకీ పైన ఒక డైరెక్టరమ్మ. ఆవిణ్ణి నేను కళ్ళజోడు మేడమ్ అంటాను. ముక్కు మీద ఒకటి, మెడలో వేలాడుతూ ఒకటి ఉంటాయి. చూసేది మాత్రం రెండిటికీ పైనుంచి.

నేనొకసారి దాని గదికి వెళ్ళాను. తలుపు కింద చెప్పు దూర్చి పెట్టింది, మూసుకోకుండా.

"తలుపు వేసుకోవేమే?"

"వేస్తే నిద్రపోయాననుకుని వెళ్ళిపోతారు అమ్మమ్మా."

"నిద్రపోవా మరి?"

"పోతాలే" అంది, పక్క సర్దుతూ. అబద్ధం చెప్పేటప్పుడల్లా దానికి పక్క సర్దడం అలవాటు.

నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నానో లేదో ఒకతి వచ్చింది, తాళంచెవి పోయిందని. దాని వెనక ఇంకొకతి, బల్బు మాడిపోయిందని. ఆ వెనక మరొకతి ఏడ్చుకుంటూ వచ్చింది. ఎందుకయ్యా అంటే దాని స్నేహితురాలు భోజనాల దగ్గర వేరే బల్ల మీద కూర్చుందట! మా బొంగరం దాన్ని పక్కన కూర్చోబెట్టి, వీపు నిమిరి, నా చేతిలో టీ తీసి దానికిచ్చింది. నేనింకా ఒక గుక్కే తాగాను.

ఇలా ఉండగా వార్డెనమ్మ పదవి నుంచి దిగిపోయింది. ఆ కుర్చీ ఖాళీ. పర్మనెంటు ఉద్యోగం, హాస్టల్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు, దానికి సొంత వంటగది. ఈ పిల్ల పుట్టి బుద్ధెరిగాక తనదంటూ పొయ్యి వెలిగించింది లేదు. పైగా చదువు అయిపోయింది కాబట్టి అసిస్టెంటు గది ఖాళీ చెయ్యాలి. వస్తే ఆ ఇంటికి, రాకపోతే బయటికి. బయటంటే మా అల్లుడు సిద్ధంగా ఉన్నాడు. ఎవరో స్నేహితుడి ఆఫీసులో మాట్లాడి పెట్టాడు, చల్లటి గది, మెత్తటి కుర్చీ. బొంగరం నాతో అంది, "అమ్మమ్మా, అక్కడ సాయంత్రం దాకా కూర్చోవాలట." జైలు గురించి చెప్పినట్టు చెప్పింది.

ఇంటర్వ్యూ అయింది. వాళ్ళ పద్ధతి వేరు. పెద్దవాళ్ళు అడిగాక, హాస్టల్ పిల్లల్ని కూడా పిలిచి ఈవిడ ఎలాంటిదని అడుగుతారట. ఆ పిల్లలు దీన్ని ఆకాశానికెత్తారు. "మా అక్క నిద్రపోదు మేడమ్" అందొకతి. "ఏది కావాలన్నా అక్కే చేస్తుంది, మేం సీనియర్ల దాకా వెళ్ళనే వెళ్ళం" అంది ఇంకొకతి. పాపం, మేలు చేస్తున్నామనుకునే అన్నారు. పొగిడి పొగిడి గోతిలో దింపారు. కళ్ళజోడు మేడమ్ అన్నీ విని ఒకటే అడిగిందట.

"నువ్వు లేని రోజు ఈ హాస్టల్ ఏమవుతుంది?"

మనది ఛాతీ విరుచుకుని చెప్పింది. "నేను లేని రోజంటూ లేదు మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసేసిందట. "నా భయం కూడా అదేనమ్మా. సీనియర్లకి పని నేర్పమంటే వాళ్ళ పని కూడా నువ్వే చేసి పెట్టావు. రేపు నువ్వు మంచాన పడితే వీళ్ళందరూ ఎక్కడికి పోవాలి?" అని ఒక షరతు పెట్టింది. శని, ఆదివారాలు సెలవు. ఫోను ఆవిడకి ఇచ్చేసి పోవాలి. హాస్టల్లో అడుగు పెట్టకూడదు, ఎవరి ఫోను నుంచీ చెయ్యకూడదు. కింది అంతస్తు సీనియర్ అంతా చూసుకుంటుంది. "సోమవారం మాట్లాడదాం. మధ్యలో ఒక్క ఫోను చేశావంటే నా జవాబు నీకు అప్పుడే తెలిసిపోయినట్టు" అంది.

అలా వచ్చి పడింది నా ఇంట్లో. నాది కింది వాటా, పైన దర్జీ, అతని భార్య. శనివారం పొద్దున్నే మొదలుపెట్టింది. నా చీరలన్నీ తీసి మడతపెట్టింది. మళ్ళీ విప్పి వేరే రకంగా మడతపెట్టింది. గ్యాసు కట్టేసి ఉందా అని చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. మెట్లెక్కి దిగింది. కాలు కాలిన పిల్లి నయం, అది ఎక్కడో ఒకచోట కూర్చుని కాలు నాక్కుంటుంది.

"కూర్చుంటావా, స్తంభానికి కట్టెయ్యనా?"

"నీ ఫోనేదమ్మమ్మా?"

"దేనికి?"

"టైం చూద్దామని."

"గోడ మీద గడియారం ఉంది."

"అది ఆగిపోయి ఉంది."

"దానితోపాటు నువ్వూ కాసేపు ఆగు."

నా బటన్ల ఫోను అప్పటికే బియ్యం డబ్బాలో దాచేశాను. దీని సంగతి నాకు తెలియదా.

మధ్యాహ్నం పైన గొడవ మొదలైంది. దర్జీ మిషను తొక్కుతుంటే వాళ్ళావిడకి నిద్ర పట్టదు, ఆవిడ అరిస్తే అతనికి కుట్టు వంకర పోతుంది. రోజూ ఉండేదే, మేం వానచప్పుడు విన్నట్టు వింటాం. ఇది చెవులు రిక్కించి, నేను వద్దే వద్దే అంటున్నా వినకుండా పైకి పోయింది. చాలాసేపటికి దిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది, ఆకలి తీరినదానిలా.

సాయంత్రం దర్జీ దిగాడు. "మామ్మగారూ, మీ మనవరాలు మా ఆవిడ మాట మధ్యలో అడ్డు రాకుండా పూర్తయ్యేదాకా వినమంది."

"మంచిదేగా నాయనా."

"పూర్తవడం ఎప్పుడండీ? మధ్యాహ్నం మొదలుపెట్టింది, ఇప్పుడు మా పెళ్ళి సంబంధం దాకా వచ్చింది!"

అందరం నవ్వాం. అతను వెళ్ళగానే దీని నవ్వు ఆరిపోయింది. కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది.

"నేను లేనప్పుడు ఏదన్నా అయితే ఎలా అని ఒక భయం అమ్మమ్మా."

"ఊఁ."

"నేను లేకపోయినా ఏమీ కాకపోతే ఎలా అని ఇంకో భయం."

"రెండోదే పెద్దదనుకుంటా?" అన్నాను. అది వెళ్ళి నా పక్క సర్దడం మొదలుపెట్టింది.

ఆదివారం భోజనాల వేళకి గుమ్మంలో ఒక పిల్ల. చేతిలో సంచి. మొదటి ఏడాది పిల్ల. గోడ పక్కనే చప్పుడు లేకుండా నడుస్తుందని హాస్టల్లో చీమ అంటారట. వెనకోసారి బొంగరం దాన్ని మా ఇంటికి భోజనానికి తెచ్చింది, అప్పుడు చూసిన దారే. ఎంతసేపు నిలబడిందో ఏమో, తలుపు కొట్టలేదు, పిలవలేదు. నేను చెత్త పారేద్దామని లేస్తే కనబడింది.

"నేను చదువు మానేస్తున్నా అక్కా. ఇంటికి వెళ్ళిపోతున్నా. మీకు చెప్పి పోదామని."

ఏమైందంటే గదిలో ఉండే అమ్మాయి, "నీతో ఉండటమూ గోడతో ఉండటమూ ఒకటే" అందట. పొద్దున్నే దాని మంచం కిటికీ వైపు తిప్పేసుకుందట, ఈ పిల్ల ముఖం కనపడకుండా.

నేను మా బొంగరాన్ని చూశాను. అబద్ధమెందుకు, కరువులో ఉన్నవాడికి విస్తరి కనపడ్డట్టయింది దానికి. దాని చేతులు అప్పుడే ఆ పిల్ల సంచి అందుకోబోతున్నాయి. అంతలోనే ఆగిపోయాయి. ఇది పని కాదా? పని చెయ్యకూడదుగా. పంపించేస్తే ఆ పిల్ల బస్సెక్కి ఊరికి పోతుంది. ఉంచుకుంటే దీని ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"కింది అంతస్తు అక్కకి చెప్పావా?" అంది మెల్లగా.

"వెళ్ళానక్కా. తలుపు వేసి ఉంది."

"కొట్టావా?"

ఆ పిల్ల వింతగా చూసింది. "మీ తలుపు ఎప్పుడూ కొట్టక్కర్లేదుగా."

బొంగరం గడప మీద కూలబడింది. అది కూర్చోవడం నేను అప్పుడే చూశాను, మోకాలు లేపకుండా, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి. చాలాసేపు తన చెప్పుల వంకే చూసింది. తలుపు కింద పెట్టే చెప్పు అందులో ఒకటే మరి.

"ముందు అన్నం తిను" అంది చివరికి. "నేను ఇవాళ డ్యూటీలో లేను. నీ మాట నేను వినకూడదు. నువ్వు వెళ్ళి ఆ తలుపు కొట్టు."

"తియ్యకపోతే?"

"మళ్ళీ కొట్టు."

"నాకు రాదక్కా, భయం."

ఇక నేను ఊరుకోలేకపోయాను. వాళ్ళకి షరతులు గానీ నాకేం షరతు? నేను లోపలికి పోయి తలుపు వేసుకుని, కొట్టవే అన్నాను. ఏదో గీరినట్టు వినిపించింది. "బల్లి పాకినట్టుంది, మనిషివి కాదా?" అన్నాను. మళ్ళీ కొట్టింది. "ఇది అడుక్కునేవాళ్ళ కొట్టుడు. నువ్వు ఫీజు కట్టిన పిల్లవి. కట్టినట్టు కొట్టు!" ఈసారి తలుపు అదిరింది. పైనుంచి దర్జీ "వస్తున్నా, వస్తున్నా" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ పిల్ల నవ్వింది. దానికి పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది నాకు.

తిని వెళ్ళింది. బొంగరం వీధి చివరి దాకా వెళ్ళి ఆగిపోయి, ఒక్కతే వెనక్కి వచ్చింది. అక్కడి నుంచి రెండు బస్సులు. ఒకటి హాస్టల్ వైపు, ఒకటి ఊరి వైపు. ఏది ఎక్కిందో చూడలేదు. చూస్తే వెంట పోయేదాన్నేమో అంది.

ఆ సాయంత్రం గడవడం నరకమే. చీకటి పడ్డాక అన్నం వండుతానని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.   కాసేపటికి చెయ్యి తీసింది, గుప్పెట్లో బియ్యమే ఉన్నాయి.

"నిన్ననే తెలుసు అమ్మమ్మా, ఎక్కడ పెట్టావో" అంది బియ్యం కడుగుతూ.

సోమవారం తానే వెళ్ళి మేడమ్‌కి జరిగినదంతా చెప్పింది. ఆవిడ, "అంటే పని చేశావన్నమాట" అంది.

"అన్నం పెట్టాను మేడమ్. తలుపు కొట్టడం మా అమ్మమ్మ నేర్పింది."

"ఆ పిల్ల మా తలుపు విరగ్గొట్టినంత పని చేసింది. నిద్రపోతున్న సీనియర్ మంచం మీంచి పడిందట" అని, అప్పుడు నవ్విందట కళ్ళజోడు మేడమ్. ఆ సీనియరే గదిలో పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించింది. మంచం మాత్రం ఇంకా కిటికీ వైపే ఉంది. కానీ చీమ ఊరికి పోలేదు. ఆ రెండు రోజుల్లో నీళ్ళ మోటారు పాడైంది, ఒక పిల్లకి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి కాస్త ఆలస్యంగా తీసుకెళ్ళారు. అన్నీ అయ్యాయి, తలా ఒకటి వాళ్ళే చూసుకున్నారు. ఇది వింటూ బొంగరానికి ఏడుపొచ్చిందట. సంతోషంతోనా అని అడిగాను. "సగం" అంది.

ఉద్యోగం ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. వారానికో రోజు హాస్టల్ దాటి బయటికి పోవాలి, సీనియర్లకి పని నేర్పాలి, ఏడాది చూస్తాం అన్నారు. మా అల్లుడు ఇప్పుడు "యూనివర్సిటీలో వార్డెన్" అని పూర్తిగా చెబుతున్నాడు, అడగనివాళ్ళకి కూడా.

సెలవు రోజు నా దగ్గరికే వస్తుంది. పొద్దున గ్యాసు చూస్తుంది, చీరలు మడతపెడుతుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. కానీ మధ్యాహ్నం లోపలి గదిలో పడుకుంటుంది, తలుపు వేసుకుని. మొన్న అలా పడుకున్న కాసేపటికే దర్జీ భార్య దిగింది.

"మామ్మగారూ, మీ మనవరాలు ఉందా? మాటలో మాట, ఒక్కసారి ఆయనకి చెబితే..."

"ఇవాళ దానికి సెలవు."

"ఒక్క నిమిషమే!"

లోపల మంచం కిర్రుమంది. "ఎవరమ్మమ్మా?"

"ఎవరూ లేరు, పడుకో."

"పైన ఆంటీ గొంతులా ఉందే?"

ఇక లాభం లేదని లేచి ఆ గదికి బయట గొళ్ళెం పెట్టాను. గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుని, "చెప్పమ్మా, నాకు చెప్పు. నేను పూర్తిగా వినను, ముందే చెబుతున్నా" అన్నాను.