జింకలను వరుసలో నిలబెట్టబోయి: పిల్లలతో నారాలో ఒక రోజు

2007 ఏప్రిల్ 7, శనివారం, నాంపల్లి.

మా గల్లీ చివర కిరాణా దుకాణం వాళ్ళ కోడలు లక్ష్మి వచ్చే నెల ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని జపాను దేశంలోని ఒసాకాకు వెళ్తోంది. అక్కడ ఆమె భర్తకు ఆరు నెలల శిక్షణ ఉంది. నేను ఆ ఊరి నుంచి ఈ వారమే తిరిగి వచ్చానని తెలిసి ఇప్పటికి మూడుసార్లు మా గుమ్మం ఎక్కింది. "టీచరమ్మా, గాడ పిల్లలను ఏడ తిప్పాలె, ఏం తినిపియ్యాలె, జర రాసియ్యున్రి" అని ఒకటే పట్టు. రేపు ఈస్టరు కాబట్టి తీరిక ఉండదు. ఎల్లుండి ఉదయం అబిడ్స్‌లోని ఒక బడికి వెళ్ళి ఒక మాట చెప్పి రావాలి. ఆ లోపల ఈ ప్రయాణం సంగతి ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోవాలని, మా అల్లుడు తెరిచి ఇచ్చిన ఈ బ్లాగు ముందు కూర్చున్నాను. లక్ష్మికే కాక మరెవరికైనా కూడా పనికి రావచ్చు.

ముందుగా ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా అల్లుడికి ఒసాకాలో యంత్రాల విడిభాగాల కంపెనీలో రెండేళ్ళ ఒప్పందం. కిందటి ఆగస్టులో మా అమ్మాయి సునీత, ఏడేళ్ళ మనవరాలు ఎస్తేరు, మూడేళ్ళ మనవడు డానీ అతనితో వెళ్ళారు. ఎస్తేరును సెప్టెంబరులో అక్కడి బడిలో ఒకటో తరగతిలో వేశారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల బడిలో నోరు తెరవలేదు. చెప్పింది అర్థం చేసుకుంటుంది, రాస్తుంది, బొమ్మలు వేస్తుంది, కానీ ఇంట్లోవాళ్ళతో తెలుగులో తప్ప బయట ఎవరితోనూ మాట లేదు. పంతులమ్మ మంచి మనిషి, నెలనెలా ఓపికగా ఉత్తరాలు రాసింది. ఆరు నెలలు గడిచాక సునీత, అల్లుడు ఒక ఆలోచనకు వచ్చారు: ఏప్రిల్‌లో రెండో తరగతి మొదలయ్యే లోపల మార్పు లేకపోతే, ఒప్పందం ముగిసే దాకా ఎస్తేరును నాతో నాంపల్లి పంపించాలి. నేను ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన అబిడ్స్ బడిలో సీటు మాట్లాడి ఉంచాను. ఏప్రిల్ 2 నాటి విమానానికి నా పేరుతో పాటు ఎస్తేరు పేర కూడా టికెట్ తీశారు. దాచడం ఎందుకు, నేను జపాను చూడడానికి వెళ్ళలేదు, పిల్లను తెచ్చుకోవడానికి వెళ్ళాను.

మార్చి 29, గురువారం మధ్యాహ్నం తల్లిదండ్రులు ఇద్దరూ బడికి వెళ్ళి పంతులమ్మతో మాట్లాడి ఆఖరి నిర్ణయం తీసుకోవాలి. ఆ మాటలు పిల్లల చెవిన పడకూడదు. అప్పుడు వసంత కాలపు సెలవులు. అందుకని పిల్లలిద్దరినీ నేను నారాకు తీసుకుపోతానని, సాయంత్రం అయిదుకల్లా ఇంట్లో ఉంటానని చెప్పాను. నారా పాత రాజధాని. ఒసాకా నుంచి నలభై నిమిషాల దూరం. భూగోళం పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం దారి తెలియదా అన్నాను. సునీత మాత్రం ఒక కాగితానికి రెండు వైపులా జపాను భాషలో వాక్యాలు రాసి ఇచ్చింది: స్టేషనుకు దారి ఎటు, ఒసాకాలోని నంబ స్టేషనుకు వెళ్ళే రైలు ఏ ప్లాట్‌ఫారం, మరుగుదొడ్డి ఎక్కడ, ఈ పిల్లలు నా మనవలు. చూపిస్తే చాలు, ఎవరైనా సాయం చేస్తారట.

ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలకు నంబ స్టేషనులో రైలు ఎక్కాము. పెద్దలకు 540 యెన్లు, అంటే సుమారు రెండు వందల రూపాయలు. ఎస్తేరుకు సగం, డానీకి టికెట్ లేదు. కొండ ఎక్కేటప్పుడు కిటికీలో ఒసాకా అంతా కింద పరిచినట్టు కనబడుతుంది, కాబట్టి పిల్లలను కిటికీ వైపు కూర్చోబెట్టండి. ఆ తరువాత పొడవైన సొరంగం వస్తుంది. డానీ నా కొంగు నోట్లో పెట్టుకుని అది అయిపోయేదాకా వదలలేదు. నారాలో దిగి పావుగంట నడిస్తే జింకల పార్కు. మూడేళ్ళ పిల్లవాడు వెంట ఉంటే అరగంట వేసుకోవాలి.

అక్కడ జింకలు మన పబ్లిక్ గార్డెన్స్‌లో జనం తిరిగినట్టు ఎక్కడ పడితే అక్కడ తిరుగుతుంటాయి. వాటికోసమే చేసిన బిస్కట్లు కట్ట 150 యెన్లకు అమ్ముతారు, ఒక్కో కట్టలో పది. బిస్కట్ చూపిస్తే జింకలు తల వంచి దండం పెడతాయి. ఇక్కడే నేను ఒక పొరపాటు చేశాను. ఏడు జింకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. తోసుకునేవాళ్ళకు ఏమీ దొరకదన్నది నా తరగతి నియమం. బిస్కట్ల కట్ట ఎత్తి పట్టుకుని, ఒక్కొక్కటే రావాలని, వెనకాలది ఆగాలని తెలుగులోనే గట్టిగా చెప్పాను. మొదటిది రెండుసార్లు దండం పెట్టింది. మూడోసారి నా స్వెట్టరు పట్టి లాగింది. నేను దాని సంగతి చూస్తుండగా వెనకనుంచి ఇంకొకటి నా చేతిసంచి పక్క జేబులోంచి సునీత రాసిచ్చిన కాగితం లాక్కుని, నేను తిరిగి చూసేసరికి సగం నమిలేసింది. మిగతా సగం కూడా నా కళ్ళముందే మింగింది. బిస్కట్లు అమ్మే ముసలావిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. డానీ మాత్రం, "అమ్మమ్మా, గది హోంవర్క్ తిన్నది" అన్నాడు. ఎస్తేరు నవ్వలేదు. తిరుగు దారి గురించి నేను ఎంత భయపడ్డానో నా ముఖం చూసి గ్రహించింది. వచ్చి నా చేయి పట్టుకుంది.

పార్కు దాటితే తొదైజి అనే పెద్ద బౌద్ధ మందిరం. అందులో బుద్ధుడి కంచు విగ్రహం నాలుగంతస్తుల మేడంత ఉంటుంది. ప్రవేశం నాకు 500, ఎస్తేరుకు 300 యెన్లు. మందిరం వెనక భాగంలో ఒక లావుపాటి చెక్క స్తంభానికి అడుగున చదరపు రంధ్రం ఉంది. అందులోంచి దూరి అవతలికి వస్తే మేలు జరుగుతుందని వాళ్ళ నమ్మకం. మేము క్రైస్తవులం. ఆ నమ్మకంతో నాకు పని లేదు. కానీ పిల్లలు వరుస కట్టి, ఒకరి తరువాత ఒకరు దూరి, నవ్వుతూ బయటికి వస్తున్నారు. ఎస్తేరు అడగలేదు, చూస్తూ నిలబడింది. దూరడం ఆటే కాని ఆరాధన కాదని నాకు నేను చెప్పుకుని ఇద్దరినీ వరుసలో నిలబెట్టాను. ఎస్తేరు పాము పిల్లలా జారి అవతలికి చేరింది. తరువాత డానీ దూరాడు, సగం దూరం వెళ్ళి ఆగిపోయాడు.

ఇరుక్కున్నాడేమో అనుకున్నాను. వంగి చూస్తే, మోచేతుల మీద గడ్డం ఆనించి హాయిగా పడుకుని ఉన్నాడు. రమ్మన్నాను. "నేను ఈడనే ఉంట" అన్నాడు. గదమాయించాను. ఇంకొంచెం లోపలికి ముడుచుకున్నాడు. వెనక పదిహేనుమంది పిల్లలు. మోకాళ్ళ నొప్పులతో నేను నేల మీద కూర్చుంటే లేవలేను. వరుసలో తరువాతి కుర్రాడు సాయం చేద్దామని డానీ కాళ్ళు పట్టి తోయబోయాడు. డానీ బావురుమన్నాడు.

అప్పుడు స్తంభం అవతలి నుంచి ఒక గొంతు వినబడింది. "మత్తె కుదసై! ఒతోతో దెసు." ఆగండి, వాడు నా తమ్ముడు అని. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఎస్తేరు ఆ కుర్రాడి వైపు అరచేయి చాపి నిలబడి ఉంది. తరువాత నేల మీద బోర్లా పడుకుని తమ్ముడితో, "డానీ, చేతులు ఇయ్యి. ఏడ్వకు, నేనున్న గద" అంది. వాడు చేతులు చాపాడు కానీ లాగడానికి ఎస్తేరు బలం చాలలేదు. పక్కన కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఎస్తేరు తలెత్తి ఆయనతో, లాగండి అని వాళ్ళ భాషలో చక్కగా చెప్పింది. ఆయన కోటు విప్పి, నేల మీద పడుకుని, డానీని బియ్యం బస్తాను లాగినట్టు మెల్లగా బయటికి లాగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎస్తేరు ఆయనకు వంగి నమస్కారం పెట్టింది. నేను చేతులు జోడించాను.

ఒంటిగంటకు గుడి దారిలో ఒక చిన్న హోటలులో కూర్చున్నాము. లావు సేమ్యాలాంటి ఉదోన్, వేడి రసంలో వేసి ఇస్తారు. గిన్నె 500 యెన్లు. కారం ఉండదు, పిల్లలు ఇష్టంగా తింటారు. వండే ఆవిడ రెండు చిన్న గిన్నెలు చూపించి ఏదో అడిగింది. ఎస్తేరు "హై, ఫుతత్సు" అంది, అంటే అవును, రెండు అని. అంటూనే నా వైపు చూసి తల దించుకుంది. నెమ్మదిగా అంది:

"అమ్మమ్మా, అమ్మకు చెప్పకు."

"ఏం చెప్పొద్దు?"

"నేను మాట్లాడిన అని. మాట్లాడకుంటే నన్ను నాంపల్లి తీస్కపోతవు గద. నువ్వే చెప్పినవ్, ఫోన్‌ల."

చెప్పాను. అక్టోబరులో. నా తరగతిలో అల్లరి చేసిన పిల్లను నా కుర్చీ పక్కన కూర్చోబెట్టడమే అన్నిటికంటే పెద్ద శిక్ష. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ శిక్షకు లొంగని పిల్ల లేదు. అదే గొంతుతో ఆ రోజు ఫోనులో, "గిట్లనే నోరు మూసుకుంటే నాంపల్లికి తెచ్చి నా పక్కన కూసోబెడ్త, ఏమనుకున్నవ్" అని బెదిరించాను. మొదటి నెల ఆ పిల్ల కొత్త బడికి నిజంగా భయపడే మాట్లాడలేదు. ఆ తరువాత అయిదు నెలలు నా పక్కన కూర్చోవడం కోసం నోరు కట్టేసుకుంది.

చెప్పకుండా ఉందామా అని ఒక నిమిషం నేనూ అనుకున్నాను. టికెట్ ఉంది, సీటు ఉంది, పిల్ల తానే అడుగుతోంది. ఆ నిమిషం సంగతి రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. తరువాత, మీ అమ్మకు నేను అబద్ధం చెప్పనని, నువ్వే చెబితే మంచిదని, చెప్పకపోతే నేను చెబుతానని ఎస్తేరుతో అన్నాను. అది గిన్నెలోకి చూస్తూ ఏడ్చింది.

నారా స్టేషనులో మూడు గంటలకు, చూపించడానికి కాగితం లేక బోర్డుల కింద నిలబడిపోయాను. ఎస్తేరు ముక్కు తుడుచుకుని టోపీ పెట్టుకున్న ఉద్యోగి దగ్గరికి వెళ్ళి నంబ రైలు ఎక్కడో కనుక్కుని వచ్చి నా చేయి పట్టుకుని నడిపించింది. రైల్లో డానీ నా ఒడిలో నిద్రపోయాడు. సొరంగం దాటాక ఎస్తేరు అడిగింది:

"నేను మాట్లాడితే నన్ను మీ ఇంటికి రానియ్యవా?"

"నోరు తెరిస్తే పోయేటందుకు అదేమన్న బస్‌లో సీటా? నాంపల్లి ఇల్లు ఏడికి పోతది? మాట్లాడినా నీదే, మాట్లాడకున్నా నీదే."

"నీ పక్కన కూసోవచ్చా?"

"సెలవులల్ల కూసో. నేను లెవ్వమనేదాక కూసో."

అయిదుకు అయిదు నిమిషాలు ఉండగా ఇల్లు చేరాము. సునీత కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పంతులమ్మ కూడా పంపడమే మంచిదేమో అందట. ఆ సంగతి నాకు వంటగదిలో గొంతు తగ్గించి చెబుతుండగా ఎస్తేరు ఒక కాలికి బూటుతోనే గుమ్మంలోంచి, "అమ్మా, ఇయ్యాల నేను నలుగురితోని మాట్లాడిన" అంది. వేళ్ళ మీద లెక్క చెప్పింది: కుర్రాడు, కోటాయన, హోటలామె, రైలాయన. "నన్ను గుంజిన్రు" అన్నాడు డానీ. సునీత అక్కడే నేల మీద కూర్చుని ఆ రెండో బూటు తాడు విప్పడానికి చాలాసేపు తీసుకుంది. ఏప్రిల్ 2న నేను ఒక్కదాన్నే విమానం ఎక్కాను. పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.

పిల్లలకు నారా మంచి ఊరు. నడక తక్కువ, పచ్చిక ఎక్కువ, జనం ఓపిక గలవాళ్ళు. కానీ పిల్లలను కొత్త చోటికి తీసుకుపోయి వాళ్ళు ఏం చూశారో అడుగుతాము తప్ప, మనం ఎప్పుడో అన్న మాటను వాళ్ళు ఏ అర్థంతో మోస్తున్నారో అడగము. నేను భయపెట్టానని అనుకున్నాను, ఆ పిల్ల నేను మాట ఇచ్చానని అనుకుంది. ఇంతమందికి పాఠాలు చెప్పిన నాకు ఆ సంగతి ఒక జింక నా కాగితం తిన్న రోజున గాని తెలియలేదు. లక్ష్మీ, నీకు నా సలహా ఒక్కటే: బిస్కట్లు కొన్న వెంటనే పంచేసి ఖాళీ చేతులు చూపించు, కాగితం అన్నది ఏదైనా సంచి లోపల జిప్పు వేసి ఉంచు.

ఇక జరగవలసినవి:

1. సోమవారం పది గంటలకు అబిడ్స్ బడికి వెళ్ళి, ఎస్తేరు పేర ఉంచిన సీటు వేరే పాపకు ఇవ్వమని చెప్పాలి.
2. అదే రోజు ఎస్తేరుకు రెండో తరగతి మొదలు. అక్కడ సాయంత్రం అయిదు అంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. ఆ వేళకు ఫోను దగ్గర ఉండాలి.
3. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదని ఎస్తేరు చెబితే, బెదిరించకూడదు.
4. మాట్లాడానని చెబితే, నా గొంతులో సంతోషమే వినబడాలి.