భయపడే పని నాది, కొట్టే పని అక్కది

మా తోడికోడలు పోయింది. ఆమె పెద్దకొడుకు పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి, "పిన్నీ, అమ్మ లేవడంలేదు" అన్నాడు. నేను అప్పుడు పాలు పొంగకుండా పొయ్యి దగ్గర కాపలా ఉన్నాను. పాలు పొంగుతాయేమోనని భయం, గ్యాసు కారుతుందేమోనని భయం. వేటకు పోయిన బోటు ఆలస్యమైతే భయం, తొందరగా వస్తే ఇంజను చెడిందేమోనని భయం. నా బతుకంతా ఇట్లాగే గడిచింది. ఆ పొద్దున మాత్రం గోడ అవతల ఆమె దగ్గు వినపడకపోయినా నాకు భయం వెయ్యలేదు. ముందురోజు అంత నవ్వింది కదా, హాయిగా నిద్రపోతోంది, పోనీలే అనుకున్నాను.

నేను బడికి పోయింది తక్కువ. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మా చిన్నకోడలు కూర్చోబెట్టింది, తప్పులు తనే దిద్దింది. చదివేవాళ్ళు ఏమనుకుంటారోనని ఇప్పుడు కూడా భయమే.

మా ఆయన, ఆమె భర్త అన్నదమ్ములు. ఆ ఇద్దరూ పోయి చాలాకాలమైంది. నాకంటే ముందు ఆ ఇంటికి కోడలిగా వచ్చింది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. పెళ్ళయిన కొత్తలో ఆమె గొంతు వింటేనే గుండె దడ. చేపల గంప నెత్తిన పెట్టుకుని మైపాడులో బస్సెక్కి నెల్లూరు వీధులన్నీ తిరిగి అమ్ముకొచ్చేది. కండక్టరు గంప కిందపెట్టమంటే, "నువ్వు దిగు, గంప కూర్చుంటది" అనేదట. ఒక వేసవిలో నన్ను కూడా తోడు తీసుకుపోయింది. నేను నా గంపలో అన్నీ పెట్టుకున్నాను. నెత్తళ్ళు, వంజరం ముక్కలు, రొయ్యలు, ఎవరైనా అడుగుతారేమోనని కాసిన్ని ఎండుచేపలు. తీరా ఒకామె వంజరం అడిగితే అది అడుగున ఉంది. నేను నడివీధిలో కూర్చుని గంపంతా తోడుతుంటే ఆమె విసుక్కుని వెళ్ళిపోయింది. అక్క నన్ను తిట్టలేదు. "ఎందుకైనా మంచిదని మోస్తే, పనికొచ్చేది అడుక్కు పోద్దిమే" అంది. అంతే. తర్వాత దోవంతా నా గంప కూడా తనే మోసింది.

తుఫాను వచ్చి ఊరంతా షెల్టరుకు పొమ్మన్నప్పుడు కూడా అంతే. నేను మూట కట్టుకుని బయటికొస్తే వాకిట్లోనే పట్టుకుని విప్పించింది. మూటలోంచి రుబ్బురోలు పొత్రం బయటపడింది.

"ఇదెందుకుమే?"

"ఏమో అక్కా, ఎందుకైనా మంచిదని."

"గాలికి పొత్రం ఎగిరిపోద్దా? ఇది ఎగిరిపోయే గాలైతే మనం మిగల్తామా?"

షెల్టరులో అందరికీ ఆ కథ చెప్పింది. వానకు వణుకుతూ కూర్చున్న ఆడవాళ్ళు కూడా పకపకా నవ్వారు. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది. కానీ ఆ రాత్రి పైకప్పు మోగినంతసేపూ నా చెయ్యి వదలకుండా పట్టుకుంది కూడా ఆమే.

పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయాక గంప మూలన పడింది. కుడిచేత్తో నొప్పులనూనె తీసుకుని ఎడమచేతికి రుద్దుకుంటూ మా వరండాలో కూర్చునేది. చెట్టు కదలకుండా ఉంటే చూడొచ్చుగానీ ఆమె అట్లా కూర్చోవడం చూడలేకపోయాను.

మా చిన్నకోడలు నాయుడుపేట పిల్ల. కంప్యూటరులో ఆటలు తయారుచేస్తుంది. పెద్ద కంపెనీ ఏమీ లేదు. ఊళ్ళు వేరైన ఇద్దరు స్నేహితులు, మా ముందుగదిలో ఈ పిల్ల, అంతే. ఎవరు కొంటారో, ఎన్నాళ్ళు ఇట్లా కళ్ళు పోగొట్టుకుంటుందో అని నా దిగులు నాది. ఒకరోజు సిమ్ము లేని ఫోనొకటి తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది.

"పెద్దత్తమ్మా, ఈ ఆట ఆడి చూడండి. మీకర్థమైతే అందరికీ అర్థమవుతుంది."

"అంటే మేం మొద్దులమనా పాపా?" అంది అక్క.

ఆట ఇట్లా ఉంటుంది. ఒక చిన్నపిల్ల సముద్రపు ఒడ్డున నడుచుకుంటూ పోతుంది. దారిలో ఎదురయ్యే రాక్షసులతో పోట్లాడాలి. ఆ పిల్ల దగ్గర ఉండేవి ముక్కలు. పేకముక్కల్లాంటివే, కట్టలోంచి కొన్నే కింద వరుసగా కనబడతాయి, అవి వేస్తే మిగతావి పైకి వస్తాయి. ఒకటి వేస్తే నిప్పు పడుతుంది, ఒకటి వేస్తే డాలు అడ్డం వస్తుంది, ఇంకొకటి గాయం మానుస్తుంది. పేకాటలోలాగ మన వంతు వచ్చేదాకా ఎవరూ ఆగరు. ఏ ముక్క వెయ్యాలా అని చూసుకుంటుండగానే మీదపడి కొడతారు. ఎడమచేత్తో పిల్లను పరుగెత్తించాలి, కుడిచేత్తో ముక్కలు వెయ్యాలి. గెలిచినప్పుడల్లా కొత్తముక్క ఒకటి ఏరుకోవచ్చు. దారిలో మంట కనిపించిన చోట, వద్దనుకున్న ముక్కను అందులో పడెయ్యొచ్చు. పిల్ల పడిపోతే కూడబెట్టిన కట్టంతా పోతుంది, మళ్ళీ మొదటినుంచి నడవాలి.

అక్కకు ఎడమచెయ్యి లేదు. నాకు రెండు చేతులున్నా రెండు పనులు ఒకేసారి చేసే ధైర్యం లేదు. నేనొక్కదాన్నే ఆడితే తప్పుకోవడమే సరిపోయేది, ముక్క వెయ్యడం మర్చిపోయేదాన్ని. అప్పుడు అక్కే దారి చూపింది. ఆమె పాతగంపను బోర్లించి, ఫోను దాని మీద పెట్టించి, నన్ను ఎడమపక్క కూర్చోమంది. తను కుడిపక్క కూర్చుంది.

"భయపడే పని నీది, కొట్టే పని నాది" అంది.

ఆ ఒక్కమాటతో నా భయానికి ఒక పని దొరికింది. ఎటునుంచి ఏం వస్తుందో నాకు ముందే తెలిసిపోయేది. రాక్షసి చెయ్యి ఎత్తకముందే నేను పిల్లను పక్కకు లాగేదాన్ని. "అబ్బా, ఏం పారిపోతావుమే!" అని అక్క మురిసిపోయేది. పారిపోయినందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఆమె తప్ప ఎవరూ లేరు.

గొడవంతా ముక్కలు పారేసే చోటే. నేను ఒక్కటీ పడెయ్యనిచ్చేదాన్ని కాదు. ఇది వానొస్తే పనికొస్తుందేమో, అది విషమెక్కితే పనికొస్తుందేమో. కట్ట లావెక్కేది. అవసరమైనప్పుడు నిప్పుముక్క పైకి వచ్చేదే కాదు. "చూసినావా, వంజరం మళ్ళీ అడుక్కు పోయింది" అనేది. నా చెయ్యి పక్కకు నెట్టేసి ఒక్కొక్కటే మంటలో పడేసేది. కట్ట పలచబడేకొద్దీ మేము ముందుకు పోయాం.

మొదటిసారి పిల్ల పడిపోయి ముక్కలన్నీ పోయినప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "అంతా పోయిందక్కా" అన్నాను. ఆమె నవ్వింది. "గంప ఖాళీ అయితే ఇంటికి పోవడమే కదమ్మే! నిండుగంప తిరిగి మోసుకొచ్చిన దినాన ఏడవాలి గానీ."

అప్పట్నుంచి ఓడినప్పుడల్లా, "గంప ఖాళీ, పద" అనేది.

ఒక సాయంత్రం ఆటో నడిపే పక్కింటబ్బాయి గేటు దగ్గర ఆగి, "ఏంది పెద్దమ్మా, ముక్క ముక్క అంటున్నారు, పేకాట పెట్టినారా?" అన్నాడు. ఎవరైనా పోలీసులకు చెబుతారేమోనని నా పైప్రాణాలు పైనే పోయాయి. అక్క మాత్రం, "రా అబ్బయా, కూర్చో. పందెం నీ ఆటో" అంది. ఆ అబ్బాయి ఆటో ఎక్కి పారిపోయాడు.

నూనె రుద్దుకున్న వేలితోనే ఆడేది కాబట్టి ఫోను అద్దం మీద కుడిపక్క కింద ఎప్పుడూ జిడ్డు. పాడైపోతుందేమోనని నేను కొంగుతో తుడిచేదాన్ని. "తుడవబాకమే, అరిగిపోద్ది" అని ఎగతాళి.

చివర్లో ఒక నల్లటి పీత ఉంటుంది, సముద్రంలోంచి కొండలాగ లేస్తుంది. దాన్ని గెలిస్తే ఆట అయిపోయినట్టు. "ఇంత పీతకు పులుసు పెట్టాలంటే ఊరంత చట్టి కావాలి" అని అక్క ఎప్పుడూ అనేది. పక్షవాతం వచ్చాక ఆమె ఆశపడి అడిగింది ఇదొక్కటే, ఆ పీతను ఒక్కసారి పడగొట్టాలని. ఆ రోజు మా కట్ట ఎన్నడూ లేనంత పలచగా, బాగా కుదిరింది. పీత కూడా లేచింది. కానీ అక్క అలిసిపోయింది. "ఆపుమే, కాళ్ళు తిమ్మిరెక్కినాయి. రేపు దీని సంగతి చూద్దాం" అంది. ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడినుంచే మొదలవుతుంది కాబట్టి, ఆట ఆపి ఫోను దాని డబ్బాలో పెట్టాను. పీతను ఉడకపెట్టే చట్టి గురించి మళ్ళీ ఏదో అనేసి నవ్వుకుంటూ వెళ్ళింది. నవ్వులో పడి నేను అద్దం తుడవలేదు.

తెల్లారి ఆమె లేదు.

పెద్దకర్మ అయ్యాక డబ్బా తీసి చూశాను. తెర నల్లగా ఉంది. వాకిట్లో వెలుతురుకు పక్కకు వంచితే కుడిపక్క కింద ఆమె బొటనవేలు కనిపించింది, గీతలతో సహా. ఇంట్లో ఆమె ఫోటో ఉంది, చీరలున్నాయి. అవన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. అంచులు పట్టుకుని ఛార్జింగు పెట్టేదాన్ని. చీమలు పడతాయేమో, ఎవరైనా ముట్టుకుంటారేమో అని రోజుకు పదిసార్లు డబ్బా మూత తీసి చూసేదాన్ని.

మా కోడలు ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు మెల్లగా చెప్పింది. "అత్తమ్మా, ఆట చాలా మార్చినాం. ఆ ఫోన్లో కొత్తది ఎక్కించాలి. ఎక్కిస్తే పాతది తెరుచుకోదు. తొందరేం లేదు. మీరు వద్దంటే దాన్ని అట్నే ఉంచేస్తా, వేరే ఫోను చూసుకుంటా."

ఉంచెయ్యమనే నా నోటిదాకా వచ్చింది. ఎందుకైనా మంచిది కదా. పీత లేచినది లేచినట్టే, మా కట్ట ఉన్నది ఉన్నట్టే, ఆమె వేలు అద్దం మీద. అంతలో వంజరం ముక్కల కోసం నడివీధిలో తోడిన గంప గుర్తుకొచ్చింది. ఆమె వదిలిపెట్టి పోయింది దాచుకునే వస్తువును కాదు, సగంలో ఆగిన పోట్లాట. రేపు చూద్దాం అని చెప్పి పోయింది.

గంప బోర్లించి ఫోను దాని మీద పెట్టాను. నా చోటే, ఎడమపక్క కూర్చున్నాను. మా కోడలు గుమ్మంలో నిలబడింది. ఆట తెరిచి ఎడమవేలితో పిల్లను కదిపాను. పీత కొట్టింది, తప్పుకున్నాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ తప్పుకున్నాను. కింద ముక్కలు వరుసగా ఉన్నాయి, వాటి మీద ఆమె వేలిజిడ్డు మసకగా ఉంది. ముక్క వెయ్యాలంటే దాని మీదే నొక్కాలి. నా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఆ ఆటలో తప్పుకుంటూ ఎంతసేపైనా బతకొచ్చు. గెలవడం మాత్రం ఉండదు.

"అత్తమ్మా, నేను వెయ్యనా ముక్క?" అంది మా కోడలు.

"వద్దమ్మా."

బొటనవేలు తీసుకెళ్ళి అక్క వేలు ఉన్న చోటే ఆనించాను. అద్దం చల్లగా, కాస్త జారుగా ఉంది. నిప్పుముక్క పైకి లేచి పీత మీద పడింది. పీత ఊగింది. ఇంకొకటి వేశాను, ఇంకొకటి. పలచటి కట్ట కదా, కావలసింది కావలసినట్టే వచ్చింది. రెండు చేతులతో ఆడడం నా వయసులో అదే మొదలు. పీత ముందుకాలి డెక్క ఒకటి విరిగింది. మా కోడలు "అయ్యో, అయ్యో" అంటూ పక్కకొచ్చి కూర్చుంది. రెండో డెక్క వస్తుండగా ముక్కల వంక చూస్తూ తప్పుకోవడం మర్చిపోయాను. పిల్ల పడిపోయింది.

మా ముక్కలన్నీ ఒక్కొక్కటే లేచి సముద్రం మీదుగా పోయాయి. నేను ఏడుస్తానేమోనని మా కోడలు భయపడుతోంది, నాకు తెలుస్తూనే ఉంది.

"గంప ఖాళీ, పద" అన్నాను.

కాసేపటికి తెర దానంతటదే ఆరిపోయింది. సాయంత్రం ఎండ అద్దం మీద వాలుగా పడుతోంది. కుడిపక్క కింద జిడ్డుమరక ఉంది. అందులో ఆమె గీతలు ఏవో నా గీతలు ఏవో వంచి చూసినా, వెలుగులోకి జరిపి చూసినా తెలియలేదు.